సమాధుల తోటలో సూర్యోదయం

ఈస్టరు నాడు తెల్లవారకముందే సమాధుల మధ్యకు వెళ్ళి, పొద్దు పొడిచేదాకా పాడుతూ నిలబడే ఆచారం 1732లో జర్మనీ దేశపు సాక్సనీలో, హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్ళో మొదలైంది. ఆ ఏడు ఈస్టరు ఏప్రిల్ 13న వచ్చింది. రాత్రంతా ప్రార్థనలో గడిపిన కొందరు పెళ్ళికాని యువకులు, ఇంకా చీకటి ఉండగానే ఊరి వెలుపల హూట్‌బర్గ్ అనే గుట్ట మీది శ్మశానానికి నడిచి వెళ్ళారు. ఆదివారం వేకువనే క్రీస్తు సమాధి దగ్గరికి వెళ్ళిన స్త్రీల వృత్తాంతం వాళ్ళకు కంఠతా వచ్చు. తమవాళ్ళ సమాధుల దగ్గర నిలబడి దాన్ని తలుచుకుంటూ కీర్తనలు పాడి తిరిగి వచ్చారు. మరుసటి ఏడు ఊరంతా వాళ్ళ వెంట కదిలింది. ఆ మొదటి ఈస్టరు నాటికి శ్మశానం ఏర్పడి రెండేళ్ళు, ఊరు పుట్టి పదేళ్ళు.

పదేళ్ళ ఊరే అయినా ఆ మనుషులు మోసుకొచ్చిన దుఃఖం శతాబ్దాల నాటిది. 1415 జూలై 6న కాన్‌స్టన్స్ నగరంలో సజీవంగా దహనమైన చెక్ సంస్కర్త యాన్ హుస్ అనుచరుల పరంపర వాళ్ళది. హుస్ మార్గంలో నడిచినవారిలో ఒక పాయ 1457లో బొహీమియాలోని కున్‌వాల్డ్ గ్రామంలో సహోదరుల సంఘంగా ఏర్పడింది. 1620లో ప్రాగ్ దగ్గర తెల్లకొండ యుద్ధంలో ప్రొటెస్టెంట్ల సైన్యం ఓడిపోయింది. మరుసటి ఏడు జూన్ 21న ప్రాగ్ నగర కూడలిలో 27 మంది నాయకులకు మరణశిక్ష అమలయింది. ఆ తరవాత బొహీమియా, మొరేవియాల్లో ప్రొటెస్టెంట్లకు రెండే దారులు మిగిలాయి: కేథలిక్కులుగా మారడం, లేదా దేశం విడిచిపోవడం. పైకి మారినట్టు కనిపించి, ఇళ్ళలో తలుపులు మూసుకుని పాత కీర్తనల పుస్తకాలు చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. హెర్న్‌హూట్‌కు వచ్చినవాళ్ళలో చాలామంది అలాంటి కుటుంబాల వాళ్ళే.

ఆ ప్రవాస తరానికి ప్రతినిధి యాన్ ఆమోస్ కొమీనియస్. విద్యాశాస్త్ర చరిత్రలో అందరూ తలిచే ఈ పండితుడు ఆ సంఘానికి బిషప్పు కూడా. 1622లో ప్లేగు ఆయన భార్యనూ ఇద్దరు పిల్లలనూ తీసుకుపోయింది. మరుసటి ఏడు, దాగి బతుకుతున్న రోజుల్లోనే, లోకమనే చిక్కుదారుల్లో తిరిగి విసిగిన యాత్రికుడు తన హృదయంలోనే పరదైసును కనుగొనే కథ రాశాడు. 1628లో దేశం విడిచి పోలండ్‌లోని లెష్నో చేరాడు. 1656లో ఆ పట్టణం కాలిపోయినప్పుడు దశాబ్దాలుగా రాసుకున్న చెక్ నిఘంటువు బూడిదైంది. 1670లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చనిపోయేనాటికి తన సంఘం మళ్ళీ లేస్తుందని అనుకోవడానికి ఆయన కళ్ళముందు ఆధారమేదీ లేదు. అయినా ఆ సంఘపు క్రమశిక్షణ నియమాలను రాబోయే తరం కోసం అచ్చువేయించి పోయాడు. దశాబ్దాల తరవాత ఆ పుస్తకం హెర్న్‌హూట్ వాసుల చేతికి అందింది.

హెర్న్‌హూట్ కథ 1722 జూన్ 17న మొదలవుతుంది. ఆ రోజు క్రిస్టియన్ డేవిడ్ అనే వడ్రంగి, మొరేవియా నుంచి రహస్యంగా సరిహద్దు దాటించి తెచ్చిన కొద్ది కుటుంబాల కోసం మొదటి చెట్టు నరికాడు. స్థలం నికొలాస్ లుడ్విగ్ ఫాన్ జిన్‌జెండార్ఫ్ అనే యువ ప్రభువుది. ఆయనకప్పటికి 22 ఏళ్ళు. చిన్నతనంలో హాలె పట్టణపు బడిలో చదువుతూ, తమిళ దేశంలోని తరంగంబాడి నుంచి వచ్చిన మిషనరీల మాటలు విన్నవాడు. వలసవచ్చినవాళ్ళు పెరిగే కొద్దీ తగవులూ పెరిగాయి. అయిదేళ్ళకు, 1727 ఆగస్టు 13న పక్కనున్న బెర్తెల్స్‌డార్ఫ్ గుడిలో ప్రభురాత్రి భోజన సంస్కారంలో ఆ తగవులు తెగిపోయాయని సంఘం నమ్మకం. ఆ నెలలోనే రాత్రింబవళ్ళు వంతులవారీగా ప్రార్థన మొదలుపెట్టారు. అది నూరేళ్ళకు పైగా సాగిందని సంఘ చరిత్ర చెబుతుంది.

ఈ మనుషులు నిత్యానందం గురించి కొత్త సిద్ధాంతమేమీ కనిపెట్టలేదు. మృతుల పునరుత్థానం, కన్నీళ్ళు ఇక ఉండని లోకం అనేవి క్రైస్తవులందరి విశ్వాసంలోనూ ఉన్నవే. వాళ్ళు కొత్తగా చేసిందల్లా ఆ విశ్వాసాన్ని ఊరి కట్టడంలో, శ్మశానం నమూనాలో, వాద్యాల మోతలో, ఏటేటా వచ్చే ఆచారంలో పెట్టడం. ఒక ప్రసంగం విని మరిచిపోవచ్చు. ఏటేటా నడిచే దారిని మరిచిపోవడం కష్టం.

శ్మశానాన్ని వాళ్ళు జర్మన్ వాడుక ప్రకారం దేవుని పొలం అనేవారు. విత్తనం నేలలో పడి లేచినట్టు మృతులు లేస్తారన్న పౌలు మాట ఆ పేరు వెనక ఉంది. 1730లో గుట్ట వాలు మీద దాన్ని చతురస్రాలుగా గీసి, కత్తిరించిన లిండెన్ చెట్ల వరసల మధ్య దారులు వేశారు. సమాధిరాళ్ళు నిలబడవు, నేలకు ఆనుకుని పడుకుని ఉంటాయి. అన్నీ దాదాపు ఒకే కొలత. పేరు, పుట్టిన ఊరు, తేదీలు, వరస సంఖ్య తప్ప గొప్పలు చెక్కే ఆనవాయితీ లేదు. పక్కపక్కన పడుకునేవాళ్ళు భార్యాభర్తలు కారు, తల్లీబిడ్డలు కారు. బతికుండగా సంఘంలో ఏ బృందానికి చెందారో చావులోనూ ఆ బృందంతోనే ఉంటారు. పురుషులది ఒక పక్క, స్త్రీలది ఒక పక్క. చనిపోయిన క్రమమే వరస. ధనవంతుడి పక్కన చాకిరీ మనిషి, బిషప్పు పక్కన చెప్పులు కుట్టేవాడు రావచ్చు.

ఈ సమానత్వానికి హెర్న్‌హూట్‌లోనే కళ్ళకు కట్టే మినహాయింపు ఒకటుంది. శ్మశానం నడిమధ్య దారిలో జిన్‌జెండార్ఫ్‌కూ, ఆయన కుటుంబీకులకూ ఎత్తయిన రాతి సమాధులు కట్టారు. 1760 మే 9న ఆయన పోయాక, ఊరి దొరను అందరిలాగే నేలకు ఆనించడానికి సంఘానికి మనసొప్పినట్టు లేదు.

బృందాల ఏర్పాటు ఊరి జీవితానికి వెన్నెముక. పిల్లలు, పెళ్ళికాని యువతీ యువకులు, పెళ్ళయినవారు, విధవలు, భార్యలు పోయినవారు వేర్వేరు బృందాలు. స్త్రీల టోపీలకు కట్టే రిబ్బను రంగే ఎవరెవరో చెప్పేది: చిన్నపిల్లలకు ఎరుపు, పెళ్ళికాని యువతులకు గులాబి, పెళ్ళయినవారికి నీలం, విధవలకు తెలుపు. పెళ్ళికానివారికి పెద్ద పెద్ద ఉమ్మడి భవనాలు ఉండేవి. మంచాన పడ్డ మనిషి చుట్టూ బృందంవాళ్ళు వంతులవారీగా కూర్చుని, చివరి గంటలో పాటలు పాడేవారు. చావు ఎవరికీ తెలియని గదిలో జరిగేది కాదు.

మరణవార్త ట్రాంబోన్‌ల నుంచి వచ్చేది. ఆ ఇత్తడి వాద్యాలు 1731లో హెర్న్‌హూట్ చేరాయి. ఎవరైనా చనిపోతే వాద్యకారులు ఎత్తయిన చోట నిలబడి మూడు కీర్తనల రాగాలు వాయించేవారు. మొదటిది ఒకరు పోయారని చెబుతుంది. రెండోది ఏ బృందం మనిషో చెబుతుంది, ఎందుకంటే ఒక్కో బృందానికి ఒక్కో రాగం. మూడోది మళ్ళీ మొదటి రాగమే. పొలంలో ఉన్నవాడూ, మగ్గం దగ్గర ఉన్నవాడూ చేతిపని ఆపి విని, పోయినది పెళ్ళయిన స్త్రీయో, పసిబిడ్డో గ్రహించేవారు. పేరు తెలిసేలోపే ఊరు ఆ ఇంటికి సిద్ధమయ్యేది. మొదటి రాగంగా అమెరికా ఊళ్ళలో స్థిరపడినది క్రీస్తు శ్రమల కీర్తనది. 

చనిపోయిన మనిషి గురించి సంఘం వాడే మాట ఇల్లు చేరడం. అంత్యక్రియల కూడికలో ఆ మనిషి జీవిత వృత్తాంతం చదివేవారు. దాన్ని చాలామంది బతికుండగానే స్వయంగా రాసిపెట్టుకునేవారు. చివరి రోజుల సంగతులు మాత్రం ఇంకెవరో చేర్చేవారు. పద్దెనిమిదో శతాబ్దం మధ్యనుంచి పేరుకున్న ఆ వృత్తాంతాలు హెర్న్‌హూట్ భాండాగారంలో వేల సంఖ్యలో ఉన్నాయి. రాజుల, పండితుల ఆత్మకథలు దొరికే కాలంలో దాసీ పిల్లలు, సాలెవాళ్ళు, నావికులు, బానిసలుగా అమ్ముడైన ఆఫ్రికన్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు ఇంత మొత్తంలో మిగలడం అరుదు. వాటికి ఒక మూస ఉంది నిజమే: పాపభీతి, రక్షణ, సేవ, శాంతిగా ముగింపు. ఆ మూసను పక్కకు తోసి బిడ్డ పోయిన తల్లి బాధ, తీరని పశ్చాత్తాపం పైకి వచ్చే చోట్లే చరిత్రకారులకు విలువైనవి.

ఈ జీవితాన్ని బయటినుంచి చూసి రాసినవారిలో ముఖ్యుడు ఇంగ్లీషు పాదిరి జాన్ వెస్లీ. 1736 జనవరి 25న అట్లాంటిక్‌లో జార్జియాకు పోతున్న ఓడను తుఫాను పట్టుకుంది. ప్రధాన తెరచాప చీలిపోయి నీళ్ళు పైతట్టు మీదికి దూకాయి. ఇంగ్లీషువాళ్ళు కేకలు పెడుతుంటే ఓడలోని మొరేవియన్లు, అంటే ఈ సంఘంవాళ్ళు, ఆపకుండా కీర్తన పాడుతూనే ఉన్నారు. భయం వేయలేదా అని వెస్లీ తరవాత అడిగితే లేదన్నారు. స్త్రీలూ పిల్లలూ అయినా భయపడలేదా అంటే, వాళ్ళకు చావంటే భయం లేదన్నారు. చావుకు భయపడుతున్న పాదిరినని అప్పుడే ఆయనకు తన సంగతి తెలిసొచ్చింది. 1738 మేలో లండన్‌లో ఆయన హృదయ పరివర్తన కలిగాక, ఆ వేసవిలోనే హెర్న్‌హూట్ చూడటానికి బయల్దేరాడు.

ఆగస్టులో అక్కడ ఉండగా ఒక పసివాడి అంత్యక్రియలు చూశాడు. శ్మశానంలో పెళ్ళయినవారికీ కానివారికీ, మగపిల్లలకూ ఆడపిల్లలకూ, విధవలకూ వేరుగా ఉన్న చతురస్రాలను గమనించి దినచర్యలో రాసుకున్నాడు. పిల్లలు ముందు, ఆ వెనక శవపేటిక, తరవాత ఊరివాళ్ళు పాడుతూ వెళ్ళారు. తండ్రి ఒక సాదాసీదా దర్జీ. సమాధి వైపు చూస్తూ నిలబడ్డ ఆ మనిషిని ఎలా ఉన్నావని వెస్లీ అడిగాడు. ఎప్పటికన్నా బాగున్నానని, బిడ్డ ఆత్మను ప్రభువు తీసుకున్నాడని, ఆ దేహం మళ్ళీ లేచినప్పుడు తామిద్దరూ ప్రభువు దగ్గర ఎప్పటికీ ఉంటామని అతని జవాబు. ఈ సంభాషణను ఎన్నో భక్తిగ్రంథాలు ఉదహరించాయి. ఆ జవాబు విశ్వాసం నుంచి వచ్చిందా, అలా చెప్పాలని ఊరు నేర్పిందా అన్న ప్రశ్న ఈనాటి పాఠకుడికి కలగడం సహజం. హెర్న్‌హూట్‌లో ఆ రెంటినీ విడదీయడం కుదరదు. ఏటేటా ఈస్టరు వేకువన ఆ గుట్టెక్కినవాడికి, బిడ్డను పాతిపెట్టిన రోజు నోటికి వచ్చే మాటలు ముందే అక్కడ ఉంటాయి.

దొర ఇంట్లోనూ చావులకు లెక్కలేదు. జిన్‌జెండార్ఫ్, ఎర్డ్‌ముటె దంపతులకు 12 మంది పిల్లలు పుడితే పెరిగి పెద్దయినవాళ్ళు నలుగురే. వారిలో ఒక్కడే కొడుకు, క్రిస్టియన్ రెనాటుస్. 1740లలో హెర్న్‌హాగ్ అనే మరో సంఘ గ్రామంలో యువకులకు నాయకుడు అతడే. అక్కడ నిత్యానందపు ఆశ పరిమితి దాటింది. క్రీస్తు పక్కలోని గాయాన్ని నివాసంగా, ఆటస్థలంగా వర్ణించే పాటలు, దీపాల అలంకరణలు, పిల్లల భాషలో మాటలు, త్వరగా పోవాలన్న తహతహ ప్రబలాయి. దుఃఖాన్ని దాటడం పోయి, దాన్ని గుర్తించకపోవడమే భక్తి అయింది. 1749లో తండ్రి గట్టిగా మందలిస్తూ ఉత్తరం రాసి, కొడుకును లండన్‌కు పిలిపించాడు. 1750లో ఆ ప్రాంతపు పాలకుడితో వివాదం వచ్చి గ్రామమే ఖాళీ అయింది. కుర్రవాడు పశ్చాత్తాపంతో క్రుంగి, 1752 మేలో 24 ఏళ్ళ వయసులో చనిపోయాడు. ఆ తరవాత సంఘాన్ని నడిపిన స్పాంగెన్‌బెర్గ్ పాటల్నీ మాటల్నీ చాలా నెమ్మదిపరిచాడు. సమాధుల తోటలో ఆరాధన మాత్రం అలాగే నిలిచింది. 1749 నాటికి ఈస్టరు వేకువకు ప్రత్యేకమైన ప్రార్థనా క్రమం ఏర్పడింది. అది విశ్వాస ప్రకటన కూడా. పోయిన ఈస్టరు నుంచి ఈ ఈస్టరు లోపల ఇల్లు చేరినవారిని అందులో తలుచుకుంటారు.

ఈ ఆశే వాళ్ళను దూరదేశాలకూ పంపింది. 1732 ఆగస్టులో, ఆ మొదటి ఈస్టరు గడిచిన నాలుగు నెలలకు, లియొనార్డ్ డోబర్ అనే కుమ్మరీ, డేవిడ్ నిచ్‌మాన్ అనే వడ్రంగీ కరీబియన్‌లోని సెయింట్ థామస్ దీవికి, చెరకు తోటల బానిసల దగ్గరికి బయల్దేరారు. ఆ పక్కనున్న సెయింట్ క్రోయ్ దీవికి వెళ్ళిన తరవాతి జట్టులో చాలామంది జ్వరాలతో నెలల్లోనే పోయారు. వార్త అందినప్పుడు జిన్‌జెండార్ఫ్ వాళ్ళను విత్తనాలుగా పోలుస్తూ కీర్తన రాశాడు. మనుషుల్ని అంత తేలిగ్గా విత్తడం న్యాయమేనా అన్న అనుమానం సంఘంలో అప్పుడే వచ్చింది. అయినా వెళ్ళేవాళ్ళు ఆగలేదు. 1792లో విలియం కేరీ, దూరదేశాలకు మిషనరీలను పంపాలని వాదిస్తూ రాసిన పుస్తకంలో మొరేవియన్లను ఉదాహరణగా చూపాడు. శ్రీరాంపూర్‌లో ఆయన ముద్రణాలయం నుంచి 1818లో తెలుగు కొత్త నిబంధన వెలువడింది.

అమెరికాలో పెన్సిల్వేనియాలోని బెత్లెహేముకు 1741 క్రిస్మస్ ముందురాత్రి పేరు పెట్టారు. అక్కడి సమాధుల తోటలో జర్మన్లు, ఆఫ్రికన్లు, స్థానిక ఇండియన్లు ఒకే వరసల్లో ఉన్నారు. 1746లో మశూచితో పోయిన యోహన్నెస్ అనే మొహికన్ విశ్వాసి సమాధి వాటిలో ఒకటి. స్థానిక విశ్వాసుల చరిత్రలో అతిభయంకరమైన రోజు 1782 మార్చి 8. ఒహాయోలోని గ్నాడెన్‌హూటెన్ గ్రామంలో పెన్సిల్వేనియా సైనిక దళం నిరాయుధులైన క్రైస్తవ ఇండియన్లను బంధించి, చంపాలని ఓటు వేసి తీర్మానించింది. రాత్రంతా వాళ్ళు పాడుతూ, ప్రార్థిస్తూ గడిపారు. తెల్లవారి 96 మందిని చంపారు. అందులో 39 మంది పిల్లలు. తప్పించుకున్న ఇద్దరు కుర్రవాళ్ళ వల్ల లోకానికి ఈ సంగతి తెలిసింది. చంపినవాళ్ళలో ఎవరికీ శిక్ష పడలేదు. పాడుతూ చనిపోయారన్న మాట ఆ హత్యకు ఓదార్పుగా చెల్లదు.

ఉత్తర కరొలైనాలోని సేలంలో తొలి వేకువ ఆరాధన 1772లో జరిగింది. అర్ధరాత్రి దాటగానే వాద్య బృందాలు వీధుల్లో తిరిగి ఊరిని లేపుతాయి. ముందురోజు కుటుంబాలు బకెట్లు, బ్రష్షులతో వచ్చి తమవాళ్ళ రాళ్ళు తోమి పూలు పెడతాయి. వేలమంది మౌనంగా శ్మశానంలోకి నడుస్తారు. ఈ అందమైన చరిత్రలో దాచకూడని అధ్యాయం సేలంలోనే ఉంది. అక్కడి సంఘం తానే బానిసలను సొంతం చేసుకుంది. తొలిరోజుల్లో నల్లవారినీ తెల్లవారినీ పక్కపక్కనే పాతిపెట్టేవారు. 1816లో ఆ పద్ధతి ఆపి నల్లవారికి వేరే శ్మశానం కేటాయించారు. సమాధిరాళ్ళ కొలత సమానంగానే ఉంది, నేల మాత్రం వేరయింది. నల్లవారి సంఘానికి 1861లో కట్టిన సెయింట్ ఫిలిప్స్ గుడిలోనే 1865 మే 21న యూనియన్ సైన్యపు పాదిరి ఒకరు బానిసలు విముక్తులయ్యారని ప్రకటించాడు. 2006లో ఆ ప్రాంతపు మొరేవియన్ సంఘం బానిసత్వంలో తన పాత్రకు క్షమాపణ చెప్పింది.

భారతదేశంలో వాళ్ళ అడుగులు కొద్దివే. 1760లో తరంగంబాడి చేరి, అక్కడినుంచి 1768లో నికోబార్ దీవుల్లోని నాన్‌కౌరికి వెళ్ళారు. ఇరవై ఏళ్ళలోపే జ్వరాలతో చాలామంది పోయి ఆ ప్రయత్నం ఆగిపోయింది. హిమాలయాల్లో మాత్రం నిలిచారు: 1856లో లాహూల్‌లోని కేలాంగ్, 1885లో లేహ్. 1891లో టైఫస్ అంటుకుని లేహ్‌లో వైద్యుడు కార్ల్ మార్క్స్ (తత్త్వవేత్త కాదు, పేరు మాత్రమే ఒకటి), మిషనరీ రెడ్‌స్లోబ్ కొద్దిరోజుల తేడాతో చనిపోయారు. లడాఖ్‌లో ఇప్పటికీ మొరేవియన్ సంఘం ఉంది.

తెలుగు నేల మీద మొరేవియన్ సంఘం వేరుగా పాతుకోలేదు. కానీ ఈస్టరు వేకువన సమాధుల దగ్గర చేరడం ఎన్నో ప్రొటెస్టెంట్ సంఘాలకు వ్యాపించిన ఆచారం, ఇక్కడి బాప్టిస్టులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. సంఘాల్లోనూ కనిపిస్తుంది. మెదక్ ప్రాంతపు సంఘాలకు మూలం వెస్లీ అనుచరుల మిషనే. పండుగకు ముందు కుటుంబాలు సమాధుల తోటకు వెళ్ళి కలుపు పీకి, సున్నం కొట్టి, శిలువల మీది పేర్లకు మళ్ళీ రంగు వేస్తాయి. చీకటిలో కొవ్వొత్తులు వెలిగించి, బంతిపూల దండలు వేస్తారు. తెల్లవారేసరికి కాపరి వాక్యం చెబుతాడు. కేథలిక్కులు ఇదే పని నవంబరు 2న సమాధుల పండుగనాడు చేస్తారు. హెర్న్‌హూట్ నమూనాకూ ఇక్కడి ఆచారానికీ తేడా స్పష్టం. ఇక్కడి సమాధి కుటుంబానిది, తాతపక్కన మనవడు ఉంటాడు. స్తోమతను బట్టి పాలరాయి, పందిరి, ఫొటో వస్తాయి. ఏడుపునూ ఎవరూ ఆపుకోరు. సమాధి మీద చేయి వేసి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చిన తల్లి, అయిదు నిమిషాలకు లేచి నిలబడి పునరుత్థాన కీర్తనలో గొంతు కలుపుతుంది.

మొరేవియన్ ఊళ్ళకు ఇటీవల వేరే రకం గుర్తింపు వచ్చింది. 1773లో డెన్మార్క్‌లో కట్టిన క్రిస్టియన్స్‌ఫెల్డ్‌ను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2024లో హెర్న్‌హూట్, బెత్లెహేము, ఉత్తర ఐర్లండ్‌లోని గ్రేస్‌హిల్ ఊళ్ళను దానికి జతచేసింది. సరళమైన భవనాలు, పథకం ప్రకారం వేసిన వీధులతో పాటు ఆ ఊళ్ళ సమాధుల తోటలు కూడా ఆ వారసత్వంలో భాగమే. వాటిలో కొన్నిట్లో ఇప్పటికీ కొత్త వరసలు మొదలవుతున్నాయి.